హ్యామక్ (శిబిర పడక)

హ్యామక్ అనగా రెండు చెట్ల మధ్య గాని, రెండు స్తంభాల మధ్య గాని వ్రేలాడదీసి పడుకొనడానికి వాడే గుడ్డ లేదా వల పడక. తెలుగులో దీనిని వల ఊయల, ఊయల పడక అని కూడా చెప్పవచ్చును. తోటలలో పగటి విశ్రాంతికి కట్టే హ్యామక్‌లు చాలామందికి పరిచితమైనవే. కాలినడక యాత్రికులు అడవులలోను, కొండలలోను రాత్రి బస కొరకు గుడారానికి బదులుగా వాడే తేలికపాటి హ్యామక్ మాత్రం వేరొక తరగతికి చెందినది. అమెరికా సంయుక్త రాష్ట్రాలలో, ముఖ్యంగా జార్జియా నుండి మెయిన్ రాష్ట్రం వరకు సుమారు 3,500 కిలోమీటర్లు సాగే అపలాచియన్ కాలిబాట వెంబడి, ఈ పద్ధతి 1990ల చివరి నుండి వ్యాప్తి చెందింది.

రాళ్ళు, చెట్ల వేళ్ళు, బురద, వాలు నేల వంటివాటితో నిమిత్తం లేకుండా నిద్రించగలగడం హ్యామక్ యొక్క సుగుణం. కింది నుండి సోకే చలి దీని ప్రధాన లోపం. పైన ఎంత మందమైన కంబళి కప్పుకున్నప్పటికీ వీపు చల్లగానే ఉండిపోతుంది. అలవాటు లేనివారు ఈ సంగతి తెలియక పైకప్పులను పెంచుకుంటూ పోతారు. నిజానికి హ్యామక్‌లో వెచ్చదనం అనేది ముఖ్యంగా పడక దిగువ భాగానికి సంబంధించిన సమస్య.

చరిత్ర

హ్యామక్ అమెరికా ఖండాల ఆదిమవాసుల సృష్టి. కరీబియన్ దీవులలోని తైనో ప్రజల భాషలోని "హమాకా" అనే పదం స్పానిష్ ద్వారా ఐరోపా భాషలకు చేరింది. 1492లో కొలంబస్ బహామా దీవులలో నూలుతో అల్లిన ఈ వ్రేలాడే పడకలను చూసి తన దినచర్యలో వ్రాసుకున్నాడు. డచ్చివారు ఈ పరభాషా పదాన్ని తమ భాషలో అర్థం వచ్చేటట్లు మలచుకొని "హాంగ్‌మాట్" అన్నారు. దానికి వ్రేలాడే చాప అని అర్థం. మూలపదానికీ ఈ అర్థానికీ సంబంధం లేకపోయినా, వస్తువుకు మాత్రం పేరు చక్కగా అతికింది.

ఉష్ణమండలంలో పుట్టిన పడక కావడం చేత మొదటి నుండి దీనిలో గాలి ఆడడమే ప్రయోజనంగా భావింపబడింది. అయినప్పటికీ అడవిలో తెల్లవారుజామున చలి తప్పదు. అందుకే అమెజాన్ పరీవాహక ప్రాంతంలోని అనేక తెగలవారు హ్యామక్ పక్కన చిన్న నెగడు వేసుకొని రాత్రి అది ఆరిపోకుండా చూసుకొనేవారు. నెగడు వేడినిచ్చేది, దాని పొగ దోమలను తరిమేది. నూలు వల స్థానంలో నైలాన్ గుడ్డ వచ్చిన తరువాత ఈ ప్రాచీన పద్ధతి పనికిరాకుండా పోయింది. ఒక్క నిప్పురవ్వ పడినా పలుచని నైలాన్ కరిగి చిల్లు పడుతుంది.

బ్రిటిష్ నౌకాదళం 1597లో హ్యామక్‌ను అధికారికంగా ఆమోదించింది. ఓడ ఒరిగినప్పుడు హ్యామక్ తన బరువుతో తాను నిలువుగా సర్దుకుంటుంది గనుక నావికుడు దొర్లి పడిపోడు. యుద్ధనౌకలలో ఒక్కొక్క నావికునికి కేటాయించిన వెడల్పు 14 అంగుళాలు, అనగా సుమారు 36 సెంటీమీటర్లు మాత్రమే. ఈ కాన్వాసు హ్యామక్‌లలో నావికులు ఉత్తగా పడుకొనేవారు కాదు. గుడ్డపీచు కూరిన పలుచని పరుపును లోపల పరచుకొని దానిపై కంబళితో పడుకొనేవారు. పగటివేళ వీటిని బిగుతుగా చుట్టి ఓడ అంచుల వెంట వరుసగా పేర్చేవారు. యుద్ధ సమయంలో తుపాకి గుండ్ల నుండి అవి కొంత రక్షణనిచ్చేవి.

రెండవ ప్రపంచ యుద్ధకాలంలో అమెరికా సైన్యం పసిఫిక్ ప్రాంతపు అడవుల కొరకు పైకప్పు, దోమతెర కలిపి కుట్టిన హ్యామక్‌లను తయారుచేయించింది. యుద్ధానంతరం మిగిలిన సరుకు కొందరు యాత్రికుల చేతికి వచ్చింది గాని, ఆ హ్యామక్‌లు బరువైనవి. 1990ల చివరలో టామ్ హెన్నెస్సీ తయారుచేసిన తేలికైన, అసౌష్ఠవ ఆకృతి గల హ్యామక్ యాత్రికులలో ప్రచారం పొందింది. 2003లో ఎడ్ స్పియర్ హ్యామక్ శిబిరవాసంపై ఒక పుస్తకం ప్రచురించాడు. 2011లో డెరెక్ హాన్సెన్ చిత్రాలతో వెలువరించిన "ది అల్టిమేట్ హ్యాంగ్" కొత్తవారికి మార్గదర్శకమయింది.

హ్యామక్ చంద్రుని వరకు కూడా వెళ్ళింది. 1969 జూలైలో అపోలో 11 యాత్రలో ఆర్మ్‌స్ట్రాంగ్, ఆల్డ్రిన్ చంద్రనౌకలో పడకలు లేక, ఒకరు ఇంజను మూతపైన, మరొకరు నేలపైన సర్దుకున్నారు. చలి, వెలుతురు, యంత్రాల చప్పుడు కారణంగా వారికి నిద్ర సరిగా పట్టలేదు. అదే సంవత్సరం నవంబరులో జరిగిన అపోలో 12 యాత్ర నుండి చంద్రనౌకలో హ్యామక్‌లు ఏర్పాటు చేశారు.

వీపుకు చలి ఎందుకు సోకుతుంది

నిద్రించే వయోజనుని శరీరం సుమారు 70 వాట్ల వేడిని వెలువరిస్తుంది. కంబళి గాని, బొంత గాని స్వయంగా వేడిని పుట్టించవు. శరీరం నుండి వెలువడే ఈ కొద్దిపాటి వేడి త్వరగా పోకుండా ఆపడమే వాటి పని. ఉన్ని, దూది, పక్షుల నూగు వంటి పదార్థాలు ఈ పనిని తమ పోగుల మధ్య బంధించిన గాలి ద్వారా చేస్తాయి. కదలని గాలి మంచి ఉష్ణబంధకం. నీటి ఉష్ణవాహకత దానికంటే సుమారు 25 రెట్లు ఎక్కువ. కనుక బొంతలోని గాలి బయటకు నొక్కబడినా, బొంత తడిసినా దాని వెచ్చదనం చాలవరకు నశిస్తుంది.

స్లీపింగ్ బ్యాగ్‌లో దూరి హ్యామక్‌లో పడుకున్నప్పుడు జరిగేది ఇదే. శరీరపు బరువుకు వీపు కింది భాగం నలిగి పలుచని రెండు గుడ్డల పొరగా మారుతుంది. దాని వెనుక హ్యామక్ గుడ్డ మరొక పొర. ఈ మూడూ కలిసినా మిల్లీమీటరు మందం ఉండదు. వాటి అవతల ఉన్నది ఆరుబయటి గాలి. వీపు వద్ద వేడెక్కిన గాలిని కొత్త చల్లగాలి ఎప్పటికప్పుడు తోసివేస్తుంది. దీనిని ఉష్ణసంవహనం అంటారు. నేలపై పడుకున్నవానికి ఉష్ణవహనం ద్వారా నేలలోనికి వేడి పోతుంది గాని, నేల కదిలేది కాదు గనుక ఒంటి కిందనున్న భాగం కొంత వెచ్చబడుతుంది. హ్యామక్ కింద వెచ్చబడి నిలిచేది ఏదీ లేదు.

తెలుగువారికి ఈ సూత్రం నులకమంచం ద్వారా చిరపరిచితం. వేసవిలో ఆరుబయట నులకమంచంపై పడుకుంటే కింది నుండి గాలి ఆడి హాయిగా ఉంటుంది. చలికాలంలో అదే మంచంపై కింద బొంత పరవనిదే నిద్ర పట్టదు. మంచానికైతే బొంత పైన పరిస్తే సరిపోతుంది, ఎందుకంటే గట్టిగా కూరిన దూది బరువుకు కొంత మందాన్ని నిలుపుకుంటుంది. యాత్రికులు వాడే తేలికైన నూగు బొంతలకు ఆ శక్తి లేదు. అందువలన హ్యామక్‌లో బొంతను పడుకొనేవాని కింద కాక పడక కిందనే కట్టవలసి వచ్చింది.

వాతావరణం మరీ శీతలంగా లేనప్పుడు కూడా ఈ ఇబ్బంది కలుగుతుంది. ఉష్ణోగ్రత సుమారు 20 డిగ్రీల సెల్సియస్ కంటే తగ్గిన రాత్రులలోనే చాలామందికి నడుము, పిరుదులు, భుజాల వద్ద చలి మొదలవుతుంది. సాయంత్రం పడుకున్నప్పుడు హాయిగా ఉండి, అర్ధరాత్రి దాటిన తరువాత మెలకువ రావడం సాధారణ అనుభవం. రాత్రిలో అతి తక్కువ ఉష్ణోగ్రత సూర్యోదయానికి కాస్త అటూ ఇటూగా నమోదవుతుంది. కావున పడక ఏర్పాటును సాయంకాలపు వాతావరణాన్ని బట్టి కాక ఆ వేళను బట్టి నిర్ణయించుకోవాలి.

కింది బొంత

అండర్‌క్విల్ట్ లేదా కింది బొంత అనేది హ్యామక్ వెలుపల, దిగువ భాగాన సాగే తాళ్ళతో వ్రేలాడదీసే బొంత. దానిపై శరీరపు బరువు పడదు గనుక అది నలగదు. లోపలి నూగు పూర్తిగా ఉబ్బి ఉంటుంది. ప్రస్తుతం శీతల ప్రాంతాలలో హ్యామక్ వాడేవారు ఎక్కువగా ఆధారపడేది దీనిమీదనే.

బొంత ఎంత మంచిదైనా కట్టడంలో పొరపాటు ఉంటే ప్రయోజనం శూన్యం. వదులుగా కట్టినప్పుడు వీపుకూ బొంతకూ మధ్య ఖాళీ ఏర్పడి, అందులో చల్లగాలి తిరుగుతుంది. మరీ బిగించినప్పుడు బొంత నలిగి పలుచబడుతుంది. ఇతరుల సహాయం లేకుండా దీనిని పరీక్షించే పద్ధతి ఒకటి ఉన్నది. హ్యామక్‌లో పడుకొని, పక్క నుండి చేయి కిందికి చాపి బొంతను తాకి చూడాలి. బొంత వీపును ఆనుకొని ఉంటూనే, చేతితో నొక్కితే మెత్తగా లొంగాలి. మధ్యలో ఖాళీ తగిలితే తాళ్ళను కొంచెం బిగించాలి. తల వైపు, కాళ్ళ వైపు బొంత అంచులు హ్యామక్‌ను చుట్టి మూసుకొని ఉండాలి. ఈ రెండు కొసల గుండా గాలి చొరబడడమే అధిక సందర్భాలలో చలికి కారణం. బొంతను మార్చాలనుకొనే ముందు ఈ కొసలను చూసుకొనడం మంచిది.

హ్యామక్‌లో ఏటవాలుగా పడుకుంటారు కాబట్టి బొంత కూడా ఆ వాలుకు అనుగుణంగా జరిగి ఉండాలి. లేకపోతే ఒక భుజం, రెండవ వైపు పాదం బొంత బయటకు పోతాయి. బరువు తగ్గించుకొనడానికి కొందరు భుజాల నుండి మోకాళ్ళ వరకు మాత్రమే వచ్చే పొట్టి బొంతను వాడి, పాదాల కింద చిన్న నురుగు ముక్క పెట్టుకుంటారు. వర్షపు తుంపర, ఈదురుగాలి తగలకుండా బొంతకు దిగువన పలుచని రక్షక వస్త్రం కట్టే అలవాటు కూడా ఉన్నది.

బొంతలలో నింపే పదార్థం రెండు విధాలు. బాతు, పెద్దబాతుల నూగు బరువు తక్కువ, వెచ్చదనం ఎక్కువ, చిన్న సంచిలో ఇముడుతుంది. ఒక ఔన్సు, అనగా సుమారు 28 గ్రాముల నూగు ఎన్ని ఘనపు అంగుళాల మేర ఉబ్బుతుందో ఆ సంఖ్యను ఫిల్ పవర్ అంటారు. మార్కెట్టులో 600 నుండి 900 వరకు గల రకాలు సాధారణం. నూగు తడిస్తే ముద్దకట్టి పనికిరాకుండా పోతుంది, ఆరడానికి చాలా సమయం తీసుకుంటుంది. పాలియెస్టర్ పీచు బరువెక్కువ, కొన్నేళ్ళ వాడకంతో ఉబ్బు తగ్గుతుంది, కాని తడిసినప్పుడు కొంత వెచ్చదనం నిలుపుకుంటుంది, ధర కూడా తక్కువ. ఎడతెగని వర్షాలు కురిసే ప్రాంతాలకు పాలియెస్టర్ మేలనే వాదనలో సత్యం ఉన్నది.

ప్యాడ్

నేలపై గుడారంలో పరచుకొనే నురుగు చాపను గాని, గాలి పరుపును గాని హ్యామక్‌లో వేసుకొనడం అన్నింటికంటే చవకైన ఉపాయం. గుడారం నుండి హ్యామక్‌కు మారేవారి వద్ద ఇది అప్పటికే ఉంటుంది. ప్యాడ్ ఉష్ణనిరోధాన్ని ఆర్-విలువ అనే సంఖ్యతో తెలుపుతారు. తయారీదారులందరూ ఒకే పద్ధతిలో కొలవడానికి 2018లో ఏఎస్‌టీఎం సంస్థ ఒక ప్రమాణాన్ని ప్రచురించింది. అంతకు ముందు ఒక్కొక్కరు ఒక్కొక్క విధంగా కొలిచేవారు గనుక పాత సంఖ్యలను కొత్తవాటితో పోల్చరాదు. సున్నా డిగ్రీల ప్రాంతంలో ఆర్-విలువ 4 లేక అంతకు మించిన ప్యాడ్ వాడమని సాధారణంగా సూచిస్తారు.

ప్యాడ్ నిద్రలో పక్కకు జారిపోవడం పెద్ద చిక్కు. హ్యామక్ గుడ్డ భుజాల వద్ద పైకి చుట్టుకుంటుంది కాబట్టి వెడల్పు తక్కువైన ప్యాడ్ భుజాలను కప్పలేదు. దీనికి పరిష్కారంగా కొన్ని హ్యామక్‌లను రెండు పొరల గుడ్డతో కుడతారు. ఆ పొరల మధ్య ప్యాడ్‌ను దూర్చితే కదలదు. గాలి పరుపును పూర్తిగా ఊదకుండా సగానికి కొంచెం ఎక్కువగా నింపితే ఒంటి వంపుకు ఒదుగుతుంది. నురుగు చాప గుండా చెమట ఆవిరి పోదు గనుక తెల్లవారేసరికి వీపు చెమ్మగిల్లడం సహజం. అయినా చెట్లు దొరకని చోట నేలపై పడుకొనవలసి వస్తే ప్యాడ్ ఆదుకుంటుంది, కింది బొంత ఎందుకూ కొరగాదు.

మెరిసే అల్యూమినియం పూత గల అత్యవసర దుప్పట్లను హ్యామక్ కింద కట్టే ప్రయత్నాలు కూడా జరుగుతుంటాయి. ఇవి ఉష్ణవికిరణాన్ని కొంత వెనుకకు మళ్ళిస్తాయి, గాలిని ఆపుతాయి. కాని ఆవిరిని బయటకు పోనీయక తేమను కూడబెడతాయి. ఒక్క రాత్రి అవసరానికి తప్ప బొంతకు ఇవి ప్రత్యామ్నాయం కావు.

పై బొంత, దుస్తులు, ఆహారం

హ్యామక్‌లో పడుకొని స్లీపింగ్ బ్యాగ్‌లో దూరి జిప్పు వేసుకొనడం ఒక కుస్తీ వంటిది. అందుచేత వీపు భాగం లేని, పాదాల వద్ద మాత్రమే సంచిలా మూసి ఉండే పై బొంతను వాడతారు. నలిగిపోయే వీపు భాగం ఎలాగూ ఉపయోగపడదు గనుక దానిని తీసివేయడం వలన బరువు కూడా తగ్గింది. స్లీపింగ్ బ్యాగ్‌నే జిప్పు తెరచి దుప్పటిలా కప్పుకొన్నా సరిపోతుంది.

స్లీపింగ్ బ్యాగ్‌లపై ముద్రించే ఉష్ణోగ్రతలను జాగ్రత్తగా చదవాలి. ఐరోపాలో మొదలై 2016లో అంతర్జాతీయ ప్రమాణంగా వెలువడిన విధానంలో "సుఖ" ఉష్ణోగ్రత, "కనిష్ఠ పరిమితి" అని వేర్వేరు సంఖ్యలు ఉంటాయి. మొదటిది ప్రామాణిక స్త్రీ హాయిగా నిద్రించగల ఉష్ణోగ్రత. రెండవది ప్రామాణిక పురుషుడు ముడుచుకొని వణకకుండా గడపగల ఉష్ణోగ్రత. ఈ పరీక్షలు కింద ప్యాడ్ పరచి చేసినవే గాని హ్యామక్‌లో చేసినవి కావు. బొంతల తయారీదారులు తెలిపే ఉష్ణోగ్రతలు చాలావరకు వారి సొంత అంచనాలు. అందుచేత ఊహించిన చలికి మించి కనీసం 5 డిగ్రీల తేడా ఉంచుకొనడం వివేకం.

నడకలో చెమటతో తడిసిన బట్టలను విడిచి పొడి బట్టలు ధరించిన తరువాతనే పడుకోవాలి. తలకు ఉన్ని టోపీ, పాదాలకు వదులైన మేజోళ్ళు అవసరం. మేజోళ్ళు బిగుతుగా ఉంటే రక్తప్రసరణ తగ్గి పాదాలు మరింత చల్లబడతాయి. ముఖాన్ని బొంతలో దాచుకొని శ్వాసించడం వలన నిశ్వాసంలోని తేమ నూగులో చేరుతుంది. ముక్కు, నోరు బయటనే ఉంచి మెడకు గుడ్డ చుట్టుకొనడం మేలు. పడుకొనే ముందు కొంత ఆహారం తీసుకుంటే శరీరానికి రాత్రంతా ఇంధనం అందుతుంది. మూత కారని సీసాలో వేడినీరు పోసి, గుడ్డ చుట్టి, తొడల మధ్య ఉంచుకొనడం చాలామంది పాటించే పద్ధతి. మూత్రాన్ని ఆపుకుంటే దానిని వెచ్చగా ఉంచడానికి శరీరం శక్తిని ఖర్చుచేస్తుందని యాత్రికులు తరచుగా చెప్పుకుంటారు. శరీరంలో అప్పటికే వెచ్చగా ఉన్న నీరు అది, ఆ వాదనలో బలం లేదు. ఆపుకొనడం వలన నిద్ర చెడిపోతుందన్నది మాత్రం నిజం.

మద్యం సేవిస్తే వెచ్చగా ఉంటుందన్న నమ్మకం ప్రమాదకరమైనది. మద్యం చర్మంలోని రక్తనాళాలను వెడల్పు చేస్తుంది. వెచ్చగా తోచినప్పటికీ శరీరం లోపలి వేడి బయటకు త్వరగా పోతుంది.

కట్టే విధానం

హాయిగా నిద్రించడానికి హ్యామక్‌ను వదులుగా, లోతుగా కట్టాలి. బిగించి కడితే బల్లపరుపుగా ఉంటుందని అందరూ అనుకుంటారు. వాస్తవానికి బిగించినప్పుడు గుడ్డ అంచులు భుజాలను నొక్కుతాయి, నడుము వంగుతుంది, పడక తిరగబడే ప్రమాదం పెరుగుతుంది. హ్యామక్‌ను చెట్టుకు కట్టే పట్టీ క్షితిజ సమాంతర రేఖతో సుమారు 30 డిగ్రీల కోణం చేయడం అనుకూలమని అనుభవజ్ఞుల నిర్ణయం.

ఈ కోణానికి భౌతిక శాస్త్రం దృష్ట్యా కూడా ప్రాధాన్యం ఉన్నది. ఒక్కొక్క పట్టీపై పడే తన్యత, మనిషి బరువును కోణపు సైన్ విలువకు రెట్టింపుతో భాగించినంత. 30 డిగ్రీల సైన్ విలువ సరిగ్గా అర కాబట్టి 70 కిలోల మనిషి పడుకుంటే ఒక్కొక్క పట్టీపై 70 కిలోల బరువుకు సమానమైన లాగుడు ఉంటుంది. కోణాన్ని 10 డిగ్రీలకు తగ్గిస్తే అది సుమారు 200 కిలోలకు, 5 డిగ్రీలకు తగ్గిస్తే సుమారు 400 కిలోలకు పెరుగుతుంది. పట్టీలు తెగడానికి, కుట్లు ఊడడానికి ఇదే కారణం.

ప్రతిసారీ కోణం కొలిచే అవసరం లేకుండా హ్యామక్ రెండు కొసల మధ్య రిడ్జ్‌లైన్ అనే సాగని తాడును కడతారు. దీని పొడవు హ్యామక్ పొడవులో సుమారు 83 శాతం. ఉదాహరణకు 335 సెంటీమీటర్ల హ్యామక్‌కు 278 సెంటీమీటర్ల తాడు. చెట్ల మధ్య దూరం ఎంతైనా హ్యామక్ లోతు ఎప్పుడూ ఒకే విధంగా ఉంటుంది, దానితోపాటు కింది బొంత సర్దుబాటు కూడా మారదు. వెచ్చదనం కోరేవారికి ఈ చిన్న తాడు ఎంతో ఉపయోగకరం. చెట్ల మధ్య 4 నుండి 5 మీటర్ల దూరం ఉండి, పట్టీలను ఇంచుమించు తల ఎత్తులో కట్టితే, కూర్చున్నప్పుడు పడక కుర్చీ ఎత్తుకు, అనగా నేల నుండి సుమారు 45 సెంటీమీటర్లకు వస్తుంది. అంతకంటే ఎత్తుగా కట్టడం అనవసరం.

పడుకొనడం కూడా నిలువుగా కాదు. తలను మధ్యరేఖకు ఒక పక్కకు, పాదాలను రెండవ పక్కకు జరిపి ఏటవాలుగా పడుకుంటే గుడ్డ చదునుగా పరచుకొని వీపు దాదాపు సమతలంగా ఉంటుంది. దక్షిణ అమెరికా ప్రజలు వెడల్పైన నూలు హ్యామక్‌లలో తరతరాలుగా ఇలాగే నిద్రిస్తున్నారు. మోకాళ్ళు వెనుకకు విరిచినట్లు అనిపిస్తే వాటి కింద చుట్టిన గుడ్డను పెట్టుకొనవచ్చు. బోర్లా పడుకొనే అలవాటు ఉన్నవారికి మాత్రం హ్యామక్ సౌకర్యం కాదు.

ఊగడం నిద్రకు తోడ్పడుతుందన్నది తల్లులందరికీ తెలిసిన విషయమే. దీనిని జెనీవా విశ్వవిద్యాలయ శాస్త్రవేత్తలు 12 మంది పురుషులపై పరీక్షించి, నెమ్మదిగా ఊగే పడకపై పగటి కునుకు త్వరగా పట్టిందని, నిద్ర గాఢమైనదని 2011లో ప్రకటించారు. పరీక్ష చిన్నది, పైగా అది వెచ్చని గదిలో జరిగిన 45 నిమిషాల కునుకు.

స్థలం, గాలి, వర్షం

రాత్రివేళ చల్లగాలి బరువై పల్లానికి జారి లోయల అడుగున నిలుస్తుంది. వాగుల పక్కన తేమ కూడా ఎక్కువ. కొండ శిఖరాన గాలి వేగం ఎక్కువ. కాబట్టి కొండ వాలులో మధ్య ఎత్తున, గాలికి చాటైన చోటు అన్నింటికంటే వెచ్చనిది. లోయ అడుగు నుండి కొద్ది మీటర్లు పైకి జరిగినా తేడా తెలుస్తుంది.

హ్యామక్‌పై రిడ్జ్‌లైన్‌కు సమాంతరంగా టార్పాలిన్ (బరకం) కడతారు. అది వర్షానికే కాక గాలికి కూడా అడ్డు. చలిరాత్రులలో దాని అంచులను నేల దగ్గరకు దించి, గాలి వచ్చే వైపు మూయాలి. కింది బొంతలోని వేడిని గాలి దోచుకుపోకుండా ఇది చేసే మేలు చాలా ఎక్కువ. నైలాన్ టార్పాలిన్ తడిస్తే సాగి వ్రేలాడుతుంది గనుక నిద్రకు ముందు మరొకసారి బిగించాలి. వర్షపు నీరు చెట్టు నుండి పట్టీ వెంట పాకి హ్యామక్‌లోనికి రావచ్చు. టార్పాలిన్ నీడలో పట్టీకి చిన్న నూలుతాడు ముక్క కట్టితే నీరు దాని వెంట కిందికి కారిపోతుంది.

టార్పాలిన్ అంచులు దించి ఉన్నప్పుడు దాని కింద పొయ్యి గాని, బొగ్గుల కుంపటి గాని ఉంచరాదు. కార్బన్ మోనాక్సైడ్‌కు రంగు, వాసన లేవు. నిద్రిస్తున్నవానికి దాని ఉనికి తెలియదు.

ప్రమాదాలు

చలి వలన కలిగే ప్రధాన ప్రమాదం అల్పోష్ణస్థితి. శరీరాంతర్గత ఉష్ణోగ్రత 35 డిగ్రీల సెల్సియస్ కంటే తగ్గడాన్ని ఈ పేరుతో పిలుస్తారు. ఇది మంచు కురిసే చోటనే వస్తుందనుకొనడం పొరపాటు. సున్నాకు ఎంతో పైన ఉన్న ఉష్ణోగ్రతలో కూడా తడి బట్టలు, గాలి, అలసట కలిస్తే సంభవిస్తుంది. ఆపుకోలేని వణుకు, మాట తడబడడం, వేళ్ళు పట్టు తప్పడం, మతి స్థిమితం లేకపోవడం దీని లక్షణాలు. వెచ్చబడకుండానే వణుకు ఆగిపోవడం మెరుగుదల కాదు, పరిస్థితి విషమించిందనడానికి సూచన. బాధితునికి పొడి బట్టలు తొడిగి, కిందా పైనా కప్పి, స్పృహలో ఉండి మింగగలిగితే తీయని వేడి పానీయం ఇచ్చి, వీలైనంత త్వరగా వైద్య సహాయం అందించాలి. కాళ్ళు చేతులు రుద్దరాదు. అటువంటి మనిషిని గాలి ఆడే హ్యామక్‌లో వదలరాదు. నేలపై మందంగా పరచి, గాలి చాటున ఉంచడం శ్రేయస్కరం. అర్ధరాత్రి చలికి మెలకువ వచ్చినప్పుడు తెల్లవారే వరకు ఓర్చుకొనడం ధైర్యం అనిపించుకోదు. వెంటనే లేచి బొంత సర్దుకొనడం, ఉన్న బట్టలన్నీ వేసుకొనడం, ఏదైనా తినడం చేయాలి.

రెండవది పడిపోయే ప్రమాదం. ఎండిన చెట్లకు, ఎండుకొమ్మల కింద హ్యామక్ కట్టరాదు. ఇంటి ఆవరణలోని ఇటుక స్తంభాలు మరింత ప్రమాదకరమైనవి. పట్టీ 30 డిగ్రీల కోణంలో ఉన్నప్పటికీ 70 కిలోల మనిషి స్తంభాన్ని పక్కకు సుమారు 60 కిలోల బలంతో లాగుతాడు. ఇటుక కట్టుబడి పైనుండి పడే బరువును మోయగలదు గాని పక్కకు లాగే బలాన్ని తట్టుకోలేదు. స్తంభాలు కూలి హ్యామక్‌లో ఉన్న పిల్లలు మరణించిన సంఘటనలు అమెరికాలో జరిగాయి.

నియమాలు

సన్నని తాడు చెట్టు బెరడులోనికి దిగబడి లోపలి కణజాలాన్ని దెబ్బతీస్తుంది. కనీసం ఒక అంగుళం, అనగా 2.5 సెంటీమీటర్ల వెడల్పు గల పట్టీలను వాడడం సదాచారం. అమెరికాలోని కొన్ని ఉద్యానవనాలలో ఇది నిబంధన కూడా. అపలాచియన్ కాలిబాట దాటిపోయే గ్రేట్ స్మోకీ మౌంటెన్స్ జాతీయ ఉద్యానవనంలో నిర్దేశించిన శిబిర స్థలాలలోనే హ్యామక్‌లను అనుమతిస్తారు, బాటసారుల వసతి కొట్టాల లోపల గాని, వాటి స్తంభాలకు గాని కట్టనివ్వరు.

తెలుగు రాష్ట్రాలలో ఈ విషయాలు అవసరమయ్యే చోట్లు కొద్దిగానే ఉన్నాయి. అల్లూరి సీతారామరాజు జిల్లాలోని లంబసింగి, అరకు ప్రాంతాలలో డిసెంబరు, జనవరి మాసాల రాత్రులలో ఉష్ణోగ్రత 10 డిగ్రీల కంటే దిగువకు పడిపోతుంది. తెలంగాణలో ఆదిలాబాద్ ప్రాంతంలో కూడా అంతే. అటువంటి చోట కింద ఏమీ లేకుండా హ్యామక్‌లో రాత్రి గడపడం దుస్సాధ్యం. ప్రత్యేకమైన బొంత లేనివారు నురుగు చాపను, దానిపై మడిచిన కంబళిని పరచుకొనవచ్చు. రిజర్వు అడవులలో అటవీశాఖ అనుమతి లేకుండా రాత్రి బస చేయరాదు.